నొక్కినవాడే తినాలి

మామిడికాయ పండిందో లేదో తెలియాలంటే బొటనవేలితో నొక్కి చూడాలనుకునేంత తెలివి నాది. కొత్త అల్లుడిగా నూజివీడు వెళ్ళిన వేసవిలో, మామగారు వరిగడ్డిలో మాగేసిన రసాల మీద ఆ తెలివి ప్రయోగించాను. ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. కాయల్ని కవాతుకు నిలబెట్టినట్టు వరసలుగా పేర్చి, రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ వాసన చూసి, పండినవి ఇంటిల్లిపాదికీ పంచేవారు.

"నొక్కితే కుళ్ళిపోద్దండీ అల్లుడుగారూ! మా ఇంట్లో ఒకటే రూలు. నొక్కినవాడే తినాలి," అన్నారు.

బావమరదులు పడీపడీ నవ్వుతుండగా ఆ పచ్చికాయ మొత్తం తిన్నాను. అల్లుడి మర్యాద సంగతేమో గానీ, పళ్ళు మాత్రం పులిశాయి.

ఆయన చూసిన ఆఖరి వేసవికి ముక్కు పనిచేయడం మానేసింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ కాయల మీద పెత్తనం పోతుంది. ఒక ఉదయం చాటుగా కాయను నొక్కుతూ నా కంటపడ్డారు. అంతలో మా ఆవిడ వచ్చి సొట్ట చూసింది.

"ఎవరు నొక్కారిది?"

మామగారు గడ్డి సర్దడంలో పడ్డారు.

"నేనే," అన్నాను.

"ఈయనిక మారరు నాన్నా!"

రూలు రూలే కదా. పైగా అది బాగా ముగ్గిన పండు. సుబేదారుగారు గుటకలు మింగుతూ చూస్తుండగా, ఆయనకో చుక్కయినా మిగల్చకుండా నేనొక్కడినే టెంకదాకా చీకేశాను.