గోడంత జనం

చిత్రకారుడికి జనమంటే పడదు. పక్కింట్లో నలుగురు గట్టిగా మాట్లాడుకున్నా కిటికీ మూసేస్తాడు. అలాంటి మనిషికి కొత్త బస్టాండు గోడ కోసం సంతలో సంబరంగా తిరిగే జనాన్ని గీసే పని దొరికింది. ఒక్కసారి సంతకు వెళ్లి చూసొస్తే సరిపోయేది. కానీ ఆ చెమట, ఆ తోపులాట ఆయన కళకు సరిపడవు. అందుకని వంటింట్లోంచి భార్యను పిలిచి నిలబెట్టాడు. తలకు తువ్వాలు చుడితే ఆవిడ బస్తాలు మోసేవాడు, దుప్పటి కప్పితే ముసలమ్మ, చీపురు భుజాన పెడితే బుడగలమ్మేవాడు. "పొయ్యి మీద పాలున్నాయండీ" అని ఆవిడ మొత్తుకునేది. ఆయన ఒక కన్ను మూసి, కుంచె చివర కొరుకుతూ, "మెడ తిప్పకు, బస్తా జారిపోతుంది" అనేవాడు.

గోడంత కాన్వాసు మీద బొమ్మ పూర్తయ్యాక, చూడడానికి బస్టాండు అధికారి ఇంటికొచ్చాడు. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి తల గోక్కున్నాడు. "అంతా బాగుంది గానీ సార్, సంబరం అన్నాం కదా! ఒక్కరూ నవ్వరేంటి? అందరూ ఎవరి మీదో మండిపడుతున్నట్టున్నారు."

"అది ప్రజల ఆవేదనండీ. లోతుగా చూడాలి" అన్నాడు చిత్రకారుడు గంభీరంగా.

కాఫీ తెస్తున్న భార్య ఆ మాట విని పకాలున నవ్వింది. ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఇదిగో, ఇలాంటి నవ్వు ఒక్కటి పెట్టండి సార్!" అన్నాడు అధికారి.

చిత్రకారుడు ఒక కన్ను మూసి ఆవిణ్ణి చాలాసేపు పరీక్షగా చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముఖం ఎప్పుడూ చూసిన గుర్తు లేదు.

"ఊహూఁ, సహజంగా లేదండీ" అన్నాడు.