ఊ కొట్టడం మాన్పించిన పద్మజ గారు

కెనడాలోని మిల్టన్‌లో మొదటి చలి. పొద్దున్నే హీటర్ వేయగానే ఇల్లంతా కాలిన దుమ్ము వాసన. సరిగ్గా అప్పుడే ఈమెయిల్ వచ్చింది: నా థీసిస్ పాసైంది! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని, ఇప్పుడు ఏకంగా డాక్టర్ని. ఎగిరి గంతేయాల్సింది పోయి, ఆ వాసన దగ్గరే ఆగిపోయాను. మా ల్యాబ్ ఫర్నేస్ వాసన అది. దాని పక్కన, స్వెటర్ జేబులో మార్కర్ పెన్నుతో, ఎప్పుడూ పద్మజ గారు ఉండేవారు. గుంటూరు మనిషి, మా ల్యాబ్ మేనేజర్.

మాది మూడు దేశాల ప్రాజెక్టు. బ్యాటరీల కోసం సిరామిక్ బిళ్ళలు మేం చేసేవాళ్ళం. చైనాలో లిన్ అనే పరిశోధక విద్యార్థిని వాటిని పరీక్షించేది. బ్రిటన్ ప్రొఫెసర్ ఫలితాలు చూసేవారు. బిళ్ళలకు తేమ తగిలితే పగుళ్ళు వస్తాయి కాబట్టి పంపే ముందు ఫర్నేస్‌లో ఆరబెట్టాలి. ఒక వీడియో కాల్‌లో ప్రొఫెసర్ గడగడా మాట్లాడుతుంటే, అమ్మమ్మ కథలకు కొట్టినట్టే నేను ఊ కొడుతూ కూర్చున్నాను. ఆ వరుసలోనే ఆయన, రెండో పెట్టె ఆరబెట్టారా అని అడిగారట. నేను ఊ అన్నాను. ఆయన 'ఆరబెట్టారు' అని నోట్స్‌లో రాసుకున్నారు. మర్నాడు నేను క్లాసులో ఉండగా, ఆ నోట్స్ చూసి ఆఫీసువాళ్ళు పెట్టెను చైనాకు పంపేశారు. ఎవరో ఆరబెట్టే ఉంటారని నేను అడగనైనా లేదు.

మూడు వారాలకు లిన్ మెయిల్ రాసింది. బిళ్ళలన్నీ పగులుతున్నాయి, తప్పు తన చేతిదే కావచ్చు, తనను మొత్తం మళ్ళీ మొదలుపెట్టమన్నారు అని. నోట్స్ తెరిచి, 'ఆరబెట్టారు' అన్న మాట చూసి, పద్మజ గారి దగ్గరికి పరిగెత్తాను.

"మేడమ్, నేను అవునన్లేదు. ఊ కొట్టిన, అంతే."

"ఆయనేమన్నా మీ అమ్మమ్మా, నీ ఊ అర్థం కావడానికి?"

"ఇప్పుడు చెప్తే ప్రాజెక్టులోంచి తీసేస్తరు మేడమ్. స్టడీ పర్మిట్ ఏమైతదో!"

"తీసేయొచ్చు. తియ్యరని నేను చెప్పలేను. కానీ అక్కడ ఆ పిల్ల తన చేతుల్నే అనుమానించుకుంటోంది. ముందు దానికి చెప్పు."

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. నేను 'పొరపాటు జరిగింది' అని టైప్ చేశాను.

"దానంతటదే జరిగిందా అమ్మా? 'చేశాను' అని రాయి."

రాశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. మొదట లిన్ జవాబిచ్చింది: 'థాంక్స్. పని మానేద్దామనుకున్నాను.' ప్రొఫెసర్ నన్ను తీసేయలేదు. కానీ అప్పటినుంచి నా ప్రతి పెట్టె మీదా పద్మజ గారి సంతకం ఉండాలన్నారు. ఆవిడ పెన్ను మూత తీసి, "ఆరబెట్టావా?" అనేవారు. ఊ అంటే మూత మళ్ళీ పెట్టేసేవారు. "ఆరబెట్టాను" అని పూర్తిగా అంటేనే సంతకం.

రిటైరై వాన్ అనే ఊళ్ళో ఉంటున్న ఆవిడకే మొదటి ఫోన్ చేశాను.

"మేడమ్, థీసిస్ పాసైంది! నేను డాక్టర్నయిన!"

"ఊ..."

"ఊ అంటే ఏంది మేడమ్?"

"విన్నానని! ఇంకోసారి చెప్పు, అప్పుడు అవునంటాను."

చెప్పాను. ఇద్దరం నవ్వాం. సోమవారం నుంచి ఆ మూడు దేశాల కాల్స్ నేనే నడపాలి. ఎవరేం అడిగినా, గొంతు దాకా వచ్చిన ఊని మింగేసి, 'చేశాను' అనో 'చేయలేదు' అనో పూర్తిగా అంటాను. రెండోది అనేటప్పుడు ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది.