అదనం అనుకున్న నాలుగు నెలలు

పోయినవాటితోనే మొదలుపెడతాను. లెక్కలు కట్టి బతికినవాణ్ని, నాకు వేరే పద్ధతి రాదు.

ఒక మనిషి, మల్లేశం, ముప్పై ఏళ్లు నిండలేదు. అతని భార్య సుజాతకు రెండు చెవులు. వాళ్ల కూతురికి తండ్రి. నార్పోలిలో వాళ్లు అద్దెకున్న ఒంటిగది ఖోలీ. చివరగా నా నిద్ర. కాదు, దాన్ని ఈ వరుసలో పెట్టే హక్కు నాకు లేదు. కొట్టేస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకనే మీకు చెబుతున్నాను. ఇరవై ఏళ్లకు దగ్గరగా దీన్ని మోస్తున్నాను, అలవాటైతే తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

భివండిలో ఒక సాంచల షెడ్డులో నా పని. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. పగలు నాలుగు సాంచలు నడిపేవాణ్ని, వారం చివర అందరూ నేసిన మీటర్లు కూడి చెప్పేవాణ్ని. బడికి పోయింది ఐదో తరగతి దాకానే. లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. సేఠ్ కూడా నన్ను అడిగి సరిచూసుకునేవాడు. దాని మీద నాకు గర్వం ఉండేది. ఈ కథంతా ఆ గర్వం చేసిన పనే.

నాకు టీబీ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే సాంచలు వేరేవాడికి పోతాయి. దూది ధూళికి దగ్గు అన్నాను. అక్కడ అందరూ దగ్గుతారు కనుక ఎవరూ మళ్లీ అడగలేదు. టెంఘర్ వైపు ఒక మందుల కేంద్రంలో, రోజు విడిచి రోజు, వాళ్ల కళ్లముందే మాత్రలు మింగాలన్నారు. మొత్తం ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు ఆగింది, ఒంట్లో బరువు పెరిగింది. అప్పుడు నేను లెక్క వేశాను.

ఆ లెక్క ఎలా వేశానో చెప్పాలి. ఒక తాకా, అంటే ఒక చుట్ట బట్ట నేసేటప్పుడు వ్యాపారి అడిగిన కొలతకు మించి కొంత నేస్తాం. తడిస్తే గుడ్డ ముడుచుకుంటుంది, ఆ అదనం దానికోసం. ఏ కొలతలోనైనా అసలు ఇంత, అదనం ఇంత అని విడదీసి చూడటం మా వృత్తిలో చేతికి వచ్చేస్తుంది. డాక్టర్లు కూడా అట్లాగే చెబుతారనుకున్నాను. రెండు నెలలు అసలు, నాలుగు నెలలు అదనం. ఆ నాలుగు నెలలు కోసేశాను. నాకెవరూ తప్పు చెప్పలేదు. నేనే ఇంత బాగా కూడగలిగినప్పుడు ఇంకొకరిని ఎందుకు అడగాలి?

కొన్ని నెలలకు దగ్గు మళ్లీ మొదలైంది. అప్పుడే మల్లేశం జగిత్యాల వైపు నుంచి పెళ్లాంతో, కూతురితో వచ్చాడు. నా సాంచలే రాత్రి పాళీకి అతనికిచ్చారు. సుజాత అదే షెడ్డులో దారం కండెలు చుట్టేది. సాంచలో అటూ ఇటూ పరుగెత్తి దారం వేసే నాడెలో కండె మార్చినప్పుడల్లా దాని చివరనున్న సన్న రంధ్రంలోంచి దారం బయటికి రావాలి. అందుకు నాడెను పెదవులకు ఆనించి నోటితో పీలుస్తాం. అందరం అంతే. పన్నెండు గంటలు నా నోటికి తగిలిన నాడెలే, పాళీ మారగానే, తడి ఆరకముందే అతని నోటికి. ఈ జబ్బు ఎక్కువగా గాలిలోనే అంటుకుంటుందని తర్వాత విన్నాను. నాడె చేసింది ఎంత, కిటికీలు మూసిన ఆ షెడ్డులో నా దగ్గు చేసింది ఎంత? ఈ ఒక్కటీ విడదీయడం నాకు చేతకాలేదు.

మల్లేశం జబ్బున పడ్డాడు. ఒక్క పూట తప్పకుండా మందు తిన్నాడు, అయినా చిక్కిపోయాడు. ఇక్కడి డాక్టరు అతని కఫాన్ని ముంబైలో ఒక ల్యాబుకు పంపించాడు. అప్పుడప్పుడే వస్తున్న పరీక్ష అది. కఫంలోని క్రిమి జన్యువును చూసి, అది టీబీదేనా, ఏ మందుకు లొంగదు అన్నది కొన్ని రోజుల్లోనే చెప్పేస్తారు. ఫలితం వివరిస్తాం, రమ్మన్నారు. మల్లేశానికి హిందీ రాదు. నేను తోడు వెళ్లాను. సాయానికే వెళ్లానా? ఏం తేలుతుందో ముందుగా నా చెవిన పడాలని వెళ్లానా?

టీబీయే అని డాక్టరమ్మ చెప్పింది. అసలు పనిచేయాల్సిన మందుకు లొంగకుండా ఆ క్రిమి జన్యువులో ఒక చోట మార్పు ఉందట. ఇతను మందు తప్పలేదు కనుక, బహుశా ఆ మార్పుతోనే వచ్చి ఉంటుంది, ఎవరో మందు సగంలో మానేసినవాళ్ల నుంచి, అంది. ఇంట్లోగానీ పనిచేసే చోటగానీ అలాంటివాళ్లు ఉన్నారా, కనుక్కో అంది నాతో.

మల్లేశం నా మోచెయ్యి గుంజాడు. "ఏమంటున్నదన్నా?"

"ఇంట్ల ఎవలకన్న ఉన్నదా అని అడుగుతున్నది."

పనిచేసే చోటు అన్న మాట నేను మింగేశాను.

"ఇంట్ల ఎవలకున్నది? మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, గంతే. గది కూడ రాసుకుంటదా?" అని నవ్వాడు, నవ్వు దగ్గులోకి పోయింది. తేరుకుని, "అన్నా, మనం నాడెకు నోరు పెడ్తం గద, గది చెప్పరాదు. నువ్వూ నేనూ రోజూ ముద్దు వెట్టుకున్నట్టే నాయె" అన్నాడు.

ఏమంటున్నాడు అని ఆమె అడిగింది.

"కుఛ్ నహీ మేడమ్. మజాక్ కర్తా హై." ఏమీ లేదు, ఊరికే నవ్వులాటకు అన్నాడన్నాను.

షెడ్డులో ఎవరికీ లేదా అంది.

"కోయీ నహీ."

ఆమె నా గొంతు విని, మీకూ దగ్గుందే అంది. ధూళి అన్నాను. ఆమె తల ఊపి రాసుకుంది.

తిరిగి వస్తుంటే రైల్లో మల్లేశం నా భుజం మీద తల ఆనించాడు. "నువ్వు లేకుంటే నేనెట్ల మాట్లాడుదునే అన్నా" అన్నాడు.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే షెడ్డులో అందరినీ పరీక్షించేవారు. సుజాతకు అంటిన జబ్బు ముందే దొరికేది. నేను మాత్రం ఏం చేశాను? మూడు వారాల తర్వాత ఠాణేలో, వేరే చిరునామా చెప్పి, అదే పరీక్ష నాకు చేయించుకున్నాను. జన్యువులో అదే చోట, అదే మార్పు. పైకి ఊరికి పోతున్నానని చెప్పి, రెండేళ్లు సూదులూ మాత్రలూ తీసుకుని బతికాను. ఈసారి ఒక్క పూట కూడా కోయలేదు.

మల్లేశం ఏడాది దాటలేదు. సుజాతకు చాలా ఆలస్యంగా బయటపడింది. ఆమె బతికింది, కానీ ఆ మందు సూదులు రెండు చెవులూ వినపడకుండా చేశాయి.

ఇప్పుడామె మాన్కోలిలో ఒక గోదాములో పెట్టెలు కడుతుంది. ఒకసారి వెళ్లాను. చెప్పాను కూడా, మొత్తం, గొంతెత్తి. సాంచల మోతలో బతికినవాళ్లకు పెదవులు చూసి మాట పట్టుకోవడం వచ్చు. ఆమె ఎదుట నిలబడితే ప్రతి మాటా తెలిసేది. అందుకే ఆమె వెనక నిలబడి చెప్పాను. ఆమె తిరిగి చూసి నన్ను గుర్తుపట్టి, "ఎప్పుడొచ్చినవే అన్నా, చాయ్ తాగుతవా?" అంది. తాగాను.

దాన్ని చెప్పడం అనవచ్చా? అనలేను. ఇదే మొదటిసారి. రాస్తుంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అది కూడా నాకు దక్కకూడనిదే.

తర్వాత మింగిన రెండేళ్ల మందు నా ప్రాణానికి సరిపోయింది. ముందటి బాకీలోకి అది జమ కాదు. ఎన్నిసార్లు తీసివేసినా మిగిలేది ఒకటే అంకె.

నాలుగు నెలలు.