కొత్త పుట్టికి మొదటి తెడ్డు

నా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, విశాఖపట్నంలో హార్బర్ పైలట్. సముద్రంలో ఆగిన ఓడ దగ్గరికి చిన్న పడవలో పోయి, తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కి, దాన్ని రేవులోకి తెచ్చి కట్టించడం ఆయనగారి పని. అట్లాగని చుక్కాని ముట్టడు. పక్కన నిలబడి ఎడమకు, కుడికి అని చెప్తే వేరేవాళ్లు తిప్పుతారు. ఉత్త మాట చెప్పడానికి అంత మర్యాదా అని నాకు ఒళ్లు మండేది.

నేను గద్వాల దగ్గర కృష్ణలో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడుపుతాను. మా అత్తగారి ఊరు నది మధ్యలో గడ్డ మీద ఉంది. ఉప్పు మూట నుంచి పెళ్లికూతురి దాకా నేను దాటిస్తేనే అక్కడికి చేరేది. అయినా ఆ ఇంట్లో ఆయన వస్తే కోడి, నేను పోతే పప్పు. అబద్ధమైతే నా భార్యనే అడగండి.

ఈసారి వానలకు ముందు మామ కొత్త పుట్టి చేయించాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పుట్టిని నీళ్లలోకి దించే రోజు కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసిన తెడ్డును పెద్దల్లుడి చేతిలో పెడతారు. పెద్దల్లుణ్ని నేనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే ఇవతలి ఒడ్డుకు పోయి నిలబడ్డాను. వడ్డేపల్లి చుట్టాలు కూడా వచ్చారు.

మామ తెడ్డు పట్టుకుని నా ముందు నుంచే నడిచి చిన్నల్లుడి దగ్గర ఆగాడు.

"గంత పెద్ద ఓడలు తెచ్చేటోడివి. మొదటి తెడ్డు నువ్వే వెయ్యి అల్లుడా" అన్నాడు.

చేతకానివాడు తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. అట్లా అందరి ముందూ తిరగాలని కృష్ణమ్మకు దండం పెట్టుకున్నాను.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు మామా. ఏండ్లకేండ్లు సముద్రం మీద తిరిగి కెప్టెన్‌నైనా, మళ్ల మా రేవుల పెద్ద పైలట్ల ఎంబడి తిరిగి పరీక్ష పాసైతేనే లైసెన్స్ ఇచ్చిన్రు. అది గూడ ఆ ఒక్క రేవుకే. ఇంకో రేవుల నేను ఓడ ముట్టొద్దు. ఈ నీళ్లు నాకు తెల్వవు. ఈడ పైలట్ మా అన్ననే."

తెడ్డు తీసుకుని రెండు చేతులతో నాకు అందించాడు.

ఎంత అణకువ, ఎంత సంస్కారం అని ఒడ్డంతా మురిసిపోయింది. మా అత్త కళ్లు తుడుచుకుంది. నాకు రావాల్సిన తెడ్డు నాకే వచ్చింది, కానీ ఆయన ఇస్తే వచ్చింది. ఆయన జర పొగరుబోతు అయ్యుంటే నాకెంత హాయిగా ఉండేది!

అందరినీ ఎక్కించుకుని బయల్దేరాను. మామ చిన్నల్లుడికి ఎదురుగా కూర్చుని ఓడల ముచ్చట్లు మొదలుపెట్టాడు. నీటి కింది బండలు తప్పించుకుంటూ గడ్డ దాకా తెడ్డు వేశాను. మధ్యలో వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నాకు కనిపించింది మామ వీపే.