ఇరవై ఏడో నంబరు

అటెండెన్సు తీసుకోవడంలో నా అంత వేగం మా కాలేజీలో ఎవరికీ లేదని నాకు పెద్ద గొప్ప. డెబ్భై మంది క్లాసు రెండు నిమిషాల్లో అయిపోవాలి. పేర్లు పిలవడాలు లేవు, నంబర్లే. రిజిస్టరులోంచి తల ఎత్తేదాన్ని కాదు. పిలిచిన మరుక్షణం "ప్రెజెంట్ మేడం" వినపడకపోతే ఆబ్సెంట్ వేసి ముందుకు పోవడమే. ఒకరి నంబరుకి ఇంకొకరు పలికితే ఇద్దరినీ బయటికి పంపేదాన్ని. ఏలూరు నుంచి రోజూ పాసింజర్ బండిలో నిలబడి తాడేపల్లిగూడెం వచ్చి ఎకనామిక్స్ చెప్పేదాన్ని నేను. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి పలకడానికి బద్ధకమేమిటని నా మంట. స్టాఫ్ రూముల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

ఫిబ్రవరి చివర్లో హాజరు చాలనివాళ్ళ జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. అందులో ఉంటే హాల్ టికెట్ రాదు, ఏడాది పోయినట్టే. ఆ మధ్యాహ్నం పేపర్లు దిద్దుకుంటుంటే ఒక అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మేడం, ఇరవై ఏడు నేనేనండీ. రోజూ వచ్చానండీ," అంది. మాట కాస్త ముద్దగా ఉంది.

ఇలాంటి కథలు ఏటా వింటాను. వంచిన తల వంచినట్టే ఉంచి అందుకున్నాను. రోజూ వస్తే ఆబ్సెంట్ ఎలా పడుతుంది, చెవులు ఇంటి దగ్గర పెట్టి వస్తున్నావా అని నోటికి ఎంతొస్తే అంత. అంతా అయ్యాక కూడా పిల్ల కదలదు.

"మేడం, కాస్త తలెత్తి తిట్టండి," అంది. "మీ నోరు కనపడితే గాని నాకు తెలీదండీ."

తలెత్తాను. జడ పక్కకి తీసి చెవి మిషను చూపించింది. దాంతో చప్పుడు తెలుస్తుందట గాని మాట తెలియదట. వికలాంగుల కోటాలో సీటొచ్చింది, సర్టిఫికెట్టు ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది. ఆఫీసువాళ్ళు మాకు చెప్పలేదు, మేము అడగలేదు. రెండేళ్ళుగా నా క్లాసులో రెండో బెంచీలో కూర్చుంటున్న పిల్ల! సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి కిందటేడు ఎలా పలికేదానివమ్మా?"

"ఇరవై ఆరు నా ఫ్రెండేనండీ. గణపవరం బస్సులో కలిసి వచ్చేవాళ్ళం. తను లేచి చెప్పగానే నేను లేచేదాన్ని. కార్తీకంలో తనకి పెళ్ళయిపోయిందండీ, కలిదిండి వెళ్ళిపోయింది. ఇరవై ఐదేమో వెనక బెంచీ అబ్బాయండీ. ఎప్పుడు పలికాడో కనపడదు."

"ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా?"

"మీరంటే భయమండీ."

పిల్లని తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. మిగతా లెక్చరర్లు మొహాలు చూసి హాజరు వేసుకునేవారు. క్లాసులు ఎక్కువ నావే కావడంతో నా ఆబ్సెంట్లే ఆ పిల్లని ముంచాయి. ప్రిన్సిపాల్ గారు మంచివారే, గొడవలంటే గిట్టదు, అంతే.

"రిజిస్టరు దిద్దితే యూనివర్సిటీ వాళ్ళు సవాలక్ష అడుగుతారండీ మేడం. జ్వరమొచ్చిందని ఒక మెడికల్ సర్టిఫికెట్టు తెమ్మనండి. నేను సంతకం పెట్టేస్తాను. హాల్ టికెట్టూ వస్తుంది, మీ పేరూ బయటికి రాదు," అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లవైపు తిరిగి నెమ్మదిగా అదే చెప్పాను.

"నాకు జ్వరం రాలేదండీ," అంది. "వచ్చిన రోజుల్లో రాలేదని నేనెందుకు ఒప్పుకోవాలండీ?"

తన గొంతు ఎంత పెద్దదయిందో తనకి తెలియదు. బయట గుమాస్తా తొంగిచూశాడు. ఆ పిల్ల సంచీలోంచి నోట్సు తీసి బల్లమీద పెట్టింది. ప్రతి క్లాసుకీ తేదీ వేసి ఉంది. రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే నేను ఆబ్సెంట్ వేసిన ప్రతి రోజుకీ ఒక పేజీ ఉంది.

"ఎవరిదైనా చూసి రాసుకుని ఉండొచ్చు కదండీ," అని ప్రిన్సిపాల్ గారు నసిగారు.

అప్పుడు నా కంట ఒక గ్రాఫు పడింది. ఒకరోజు గిరాకీ రేఖ తలకిందులుగా గీసి, నాలిక్కరుచుకుని చెరిపేశాను. ఆ తప్పు గ్రాఫు నేను తనకి ఆబ్సెంట్ వేసిన ఆ తేదీ కిందే ఉంది, కొట్టివేతతో సహా. క్లాసులో లేనివాళ్ళకి అది దొరకదు. అక్కడే కాగితం అడిగి తీసుకుని రాశాను. ఈ విద్యార్థిని రోజూ క్లాసుకు వచ్చింది, తల ఎత్తి చూడనిది నేను, అని. సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ గారు ఒకటికి రెండుసార్లు చదివి, నిట్టూర్చి, తనదీ పెట్టారు.

వరండాలోకి వచ్చాక ఏదో ఘనకార్యం చేసినట్టు నోట్సు తిరగేశాను. ప్రతి పేజీలోనూ మధ్యమధ్య నాలుగేసి, ఐదేసి వరసలు ఖాళీగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"మీరు బోర్డు వైపు తిరిగి చెప్పినవండీ. ఇదివరకు ఇరవై ఆరుని అడిగి రాసుకునేదాన్ని." ఒక ఖాళీ మీద వేలు పెట్టి అంది. "హాల్ టికెట్ వస్తుంది గదండీ. ఇక పరీక్ష రాయాలంటే ఇవి కావాలండీ మేడం."

పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. స్టాఫ్ రూములో తన ఎదురుగా కుర్చీ లాక్కుని, వెలుతురు నా మొహం మీద పడేలా కూర్చున్నాను. పెన్ను తీసి సిద్ధంగా పట్టుకుంది. మొదటి ఖాళీ నవంబరుది. ఆ రోజు అక్కడ ఏం చెప్పానో నాకే గుర్తు రాలేదు.