ముక్కు మాట నమ్మిన బావ

ఫైర్ స్టేషన్లో అతన్ని అందరూ 'ముక్కు' అనేవాళ్ళు. పక్క వీధిలో పాలు పొంగితే ఇక్కడ మంచం మీంచే "పొయ్యి ఆపండమ్మా!" అని కేకేసే రకం. పుట్టగానే నర్సు చేతికి రాసుకున్న సబ్బు ఏ కొట్టుదో కనిపెట్టేశానని చెప్పుకునేవాడు. మీరు నమ్మకపోతే మీ ఇష్టం. అతని చెల్లెలి మొగుడు మాత్రం నమ్మాడు. ఇద్దరిదీ ఒకే బండి, ఒకే డ్యూటీ.

ఆ మధ్యాహ్నం గూడ్సు బండి పట్టాలు తప్పింది. క్లోరిన్ ట్యాంకరు ఒకటి గోతిలోకి ఒరిగి, వాల్వు దగ్గర బుసకొడుతోంది. ఊపిరితిత్తుల్ని కాల్చేసే గ్యాసు. చుట్టుపక్కల ఇళ్ళు ఖాళీ చేయించారు. బావ మాస్కు తగిలించుకుని గోతిలోకి దిగి, నానా తంటాలు పడి వాల్వు బిగించాడు. ముక్కేమో గట్టుమీద నిలబడి, అలవాటు కొద్దీ మాస్కు పైకెత్తి వాసన పట్టాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

"ఇంకా ఉందా బావా? ఇందులో ఉడికిపోతున్నాను!" కిందనుంచి కేక.

గాలిలో గ్యాసుని కొలిచే మీటరు ఫైరింజన్లోనే ఉంది. తేవడానికి బద్ధకం కాదు, నామోషీ. తన ముక్కుండగా మీటరెందుకు?

"చుక్క వాసన లేదు. తీసెయ్ బావా, నాదీ పూచీ!"

పోయింది గ్యాసు కాదు, అతని ముక్కే. ఆ ఘాటుకి మొద్దుబారిపోయింది. బరువైన గ్యాసు గోతిలో నీళ్ళలా నిలిచే ఉంది. బావ మాస్కు తీసి ఊపిరి పీల్చాడో లేదో, మోకాళ్ళమీద కూలబడ్డాడు. ముక్కే దిగి, భుజాన వేసుకుని పైకి తెచ్చాడు.

ఆసుపత్రిలో బావ ముఖానికి ఇంకో మాస్కు, ఆక్సిజన్‌ది. మాటకీ మాటకీ మధ్య ఈల వేస్తున్నట్టు ఊపిరి. అయినా పెళ్ళాంతో "మాస్కు పట్టీ తెగింది" అనేశాడు. పైగా ముక్కు వైపు చూసి కన్నుకొట్టాడు. జీవితమంతా కోతలు కోసిన మనిషికి ఆ చిన్న అబద్ధం గొంతు దిగలేదు.

"నువ్వు మోసుకొచ్చావు కాబట్టి బతికారన్నయ్యా. మళ్ళీ డ్యూటీలో చేరితే ఈయన్ని నీ పక్కనే ఉంచుకో. నువ్వుంటే నాకు ధైర్యం," అంది చెల్లెలు.

"నా పక్కన వద్దమ్మా."

"అదేంటి?"

వద్దన్నట్టు బావ చెయ్యి ఊపాడు.

"పట్టీ తెగలేదు. నేనే తీసెయ్యమన్నాను, మీటరు పెట్టి చూడకుండా."

తిడుతుందనుకున్నాడు. తిట్టించుకోవాలనే ఉంది. ఆమె తిట్టలేదు. మొగుడి తలకింద దిండు సర్ది, అన్నకి వీపు పెట్టి కూర్చుంది.

"నువ్వెళ్ళు," అంది.

వరండా దాటి వెళ్ళలేకపోయాడు. బెంచీమీద కూర్చుని, లోపల దగ్గు ఆగినప్పుడల్లా లేచి తలుపు దాకా వెళ్ళేవాడు. మళ్ళీ దగ్గు వినబడ్డాకే కూర్చునేవాడు.