తామరపువ్వు అట్ట పుస్తకం

ఆ రోజుల్లో మనిషి మంచివాడో కాదో తేల్చడానికి నా దగ్గర ఒక్కటే కొలత ఉండేది: పుస్తకంలో మునిగిపోయిన నన్ను పేరు పెట్టి పిలుస్తాడా, పిలవడా. ఆ కొలతతో చూస్తే మా అమ్మంత చెడ్డమనిషి తమిళనాడులోని మా గుడియాత్తం మొత్తంలో లేదు. నాయన మధ్యరకం (రెండుసార్లు పిలిచి ఊరుకునేవాడు). అందరికన్నా ఉత్తముడు బజారులో మేడమీద పఠనాలయం చూసుకునే కళ్ళజోడాయన. ఎందుకంటే ఆయన పిలిచినా నాకు వినబడేది కాదు. ఈమధ్య మా ఆఫీసులో ఎవరో "మీ జీవితాన్ని మార్చిన పుస్తకం ఏది?" అని అడిగారు. తలా ఒక గొప్ప పేరు చెప్పారు. నా వంతు వచ్చేసరికి నోటిదాకా వచ్చిన పేరు మింగేసి, "చాలా ఉన్నాయండీ" అని తప్పించుకున్నాను. నిజం చెబితే నవ్వుతారని భయం. మీరు నవ్వినా ఫరవాలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

డిగ్రీ పూర్తయి, ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చుంటే పెళ్ళి మాటలు మొదలవుతాయని ఆ పఠనాలయంలో పుస్తకాలు సర్దే పనికి కుదిరాను. సర్దింది తక్కువ. అక్కడ మూడు తమిళ బీరువాలు, ఒక తెలుగు బీరువా ఉండేవి. ఎప్పుడో మా తెలుగు షావుకార్లు ఎవరో ఇచ్చిన పుస్తకాలట. ఆ తెలుగు బీరువాకీ గోడకీ మధ్య ఒక కుర్చీ పట్టేంత జాగా, అక్కడొక కిటికీ. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు, కిటికీకి ఒక రెక్క లేదు, నాకు మాత్రం ఏ లోటూ లేదు. కింద వీధుల్లో మగ్గాల చప్పుడు, ఎదురు మేడమీద లుంగీల నేతకి రంగులద్ది ఆరేసిన నూలు, దాని వెనక ఎండలో నీలంగా కొండలు. ఒళ్ళో తమిళ నవల పెట్టుకుని అక్కడ కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమయ్యేదో తెలిసేది కాదు. చదువుతూ చదువుతూ తలెత్తితే ఆ ఎర్ర నూలూ, కథలోని చీరా కలిసిపోయేవి. నేను ఎక్కడున్నానో గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సమయం పట్టేది. నా జీవితంలో అంత సుఖంగా కూర్చున్న కుర్చీ మళ్ళీ దొరకలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. తిట్టుకునేదీ, ముద్దు చేసుకునేదీ తెలుగులోనే. కానీ బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, పెళ్ళి పత్రిక కూడా తమిళమే. తెలుగు అక్షరం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆ బీరువాలోని పుస్తకాలు తెరిస్తే నాకు పేజీ నిండా మురుకులు చుట్టినట్టు కనిపించేది. అందుకని అట్టలు చూసి లోపల ఏముందో నేనే ఊహించుకునేదాన్ని. నీలం అట్ట మీద తామరపువ్వు ఉన్న పుస్తకం నాకు మరీ ఇష్టం. అందులో ఎవరో మహర్షి, ఏదో కొలను, తపస్సు ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ఒకరోజు కళ్ళజోడాయన నా కుర్చీ దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. తెలుగు పుస్తకాలు ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదనీ, కార్తీక మాసం చివర కమిటీ కూర్చున్నప్పుడు రిజిస్టరు చూస్తారనీ, అది అలాగే ఖాళీగా ఉంటే పుస్తకాలు పాత కాగితాల కొట్టుకి పంపి, బీరువా తీసేసి అక్కడ క్యారమ్ బోర్డు వేస్తారనీ చెప్పాడు. "పుత్తగం వెళియే పోనాత్తామ్మా బీరో ఇరుక్కుం" అన్నాడు. పుస్తకాలు బయటికి పోతేనే బీరువా ఉంటుందని. నా గుండె జారిపోయింది. తెలుగు భాష ఏమైపోతుందో అని కాదు (అలా చెప్పుకోవాలని ఇప్పటికీ ఉంది), నా కుర్చీ ఏమైపోతుందో అని.

మర్నాటి నుంచి గుడ్డసంచీ నిండా పుస్తకాలు వేసుకుని తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. పదిహేను రోజులు ఇంట్లో పెట్టుకుంటే చాలని బతిమాలాను. ఏ పుస్తకమో అడిగితే అట్ట చూసి చెప్పేశాను. లత్తేరి దగ్గర చేనులో ఉండే మా పెదనాయనకి ఎడ్లబండి బొమ్మ ఉన్న పుస్తకం ఇచ్చి, ఇది సేద్యం గురించి అన్నాను. అక్కడే ఉండే మా అవ్వకి నాకిష్టమైన తామరపువ్వు పుస్తకం ఇచ్చాను.

"ఏం పుస్తకం మే ఇది?"

"దేవుడి పుస్తకం అవ్వా."

"నీకు సదవను వస్తాదా?"

"ఎందుకు రాదు, బాగా వస్తాది!" అన్నాను. ఆ ఒక్క మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. అవ్వ దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, తిన్నగా పూజగూట్లో పెట్టి పసుపూ కుంకుమా పెట్టింది. నేను సంతోషంగా రైలెక్కి వచ్చేశాను.

పదిహేను రోజుల తర్వాత కళ్ళజోడాయన రిజిస్టరు చూసి మురిసిపోయాడు. తర్వాత బీరువా తెరిచాడు. లోపల ఒక బొద్దింక తప్ప ఏమీ లేదు. ఖాళీ బీరువా అయితే కమిటీవాళ్ళకి తీసెయ్యడం ఇంకా సులువని ఆయనకప్పుడు తోచింది, ఆయన మొహం చూశాక నాకు తోచింది. మళ్ళీ సంచీ తీసుకుని పరుగెత్తాను. నిమ్మకాయ ఊరగాయ జాడీ మీద మూతగా ఉన్నదాన్ని, ఊయల కాలికింద ఎత్తుకోసం పెట్టినదాన్ని, అన్నిటినీ తెచ్చాను. తామరపువ్వు ఒక్కటి రాలేదు. ఒక్కటి తక్కువైనా కమిటీవాళ్ళు ఆ వంక పట్టుకుంటారని కళ్ళజోడాయన ముందే చెప్పి ఉన్నాడు.

"పూజలో కూసోబెట్టిన పుస్తకాన్ని సదవకుండా ఎట్లమే లేపేది?" అంది అవ్వ. "నోము పుస్తకం మాదిరే ఇదీ. కత ఇనాల, చెప్పినట్టు చెయ్యాల, అప్పుడు లేపాల. నువ్వే సదువు. వస్తాదంటివి గదా!"

"ఈరోజు గొంతు బాగలేదవ్వా" అని ఇంటికి పారిపోయి వచ్చాను.

మా ఇంట్లో తెలుగు అక్షరం ఎవరికీ రాదన్నాను కదా, అబద్ధం. మా వదినకి వచ్చు. చిత్తూరు పిల్ల. మా అన్నని చేసుకుని వచ్చి ఎనిమిది నెలలైనా ఆమెకి ఏమొచ్చో అడిగినవాళ్ళు లేరు. బస్సు బోర్డు చదవలేక ఒంటరిగా వీధి దాటేది కాదు, అందుకని మేమంతా ఆమెని చదువు రానిదిగా జమకట్టాం. ఆ సాయంత్రం వెళ్ళి అక్షరాలు నేర్పమని వదినని సిగ్గుపడుతూ అడిగాను. "నాకు తమిళం నేర్పిస్తావా మరి?" అంది. మిద్దెమీద, పాత క్యాలెండరు వెనకవైపు, ఆమె నాకు అ ఆలూ నేను ఆమెకి తమిళ అక్షరాలూ నేర్పుకున్నాం. నేను పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న మాటలు ఒక్కొక్కటే కాగితం మీద కనబడుతుంటే, ఎప్పుడూ గొంతే విన్న చుట్టాన్ని మొదటిసారి ఎదురుగా చూసినట్టుండేది. పది రోజులకి బస్టాండులో ఒక ఆంధ్రా బస్సు నుదుటి మీది మురుకులు కదిలి "చిత్తూరు" అయ్యాయి. ఆనందం పట్టలేక గట్టిగా అరిచేశాను. "రామ్మా రా, సీటుండాది!" అని కండక్టరు నా సంచీ లాగేసుకున్నాడు. అది తిరిగి తెచ్చుకోవడానికి బస్సు వెంట కొంతదూరం పరుగెత్తాల్సి వచ్చింది.

కమిటీ కూర్చోవడానికి వారం ఉందనగా వదినని తోడు తీసుకుని లత్తేరి వెళ్ళాను. అవ్వ దీపం వెలిగించి, బెల్లం పప్పులు నైవేద్యం పెట్టి, పుస్తకం నా చేతిలో ఉంచింది. పెదనాయన, పెద్దమ్మ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను అట్టమీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గట్టిగా చదివాను. "ఈత... నేర్చుకొను... విధానము." వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. తామరపువ్వు సరే, దాని కింద ఉన్న గీతలు కొలను నీళ్ళనీ, ఆ నీళ్ళలో ఒక మూల ఉన్న నల్లచుక్క మనిషి తలకాయ అనీ అప్పుడు కనబడింది.

"నెల దినాలుగా దీనికి పాలూ చక్కెరా పెడతా ఉండాను గదమే!" అంది అవ్వ. నేను వీపు సిద్ధం చేసుకున్నాను. కానీ అవ్వ కొట్టలేదు. దీపం వత్తి ఎగదోసి, "సరే, సదువు" అంది.

మూడు మధ్యాహ్నాలు చదివాను. ఊపిరి ఎలా పట్టాలో, చేతులు ఎలా చాచాలో, అన్నిటికన్నా ముందు నీళ్ళ మీద వెల్లకిలా ఎలా తేలాలో. పారాయణంలా అందరూ కదలకుండా విన్నారు. రెండో రోజు అవ్వ ఉన్నట్టుండి, "మా ఊర్లో మా అన్నలు ముగ్గురూ బాయిలో దూకతా ఉంటే, నేను గట్టుమీద వాళ్ళ గుడ్డలకి కాపలా కూసుంటా ఉంటి" అంది. "నేనూ దిగతానంటే, ఆడపిల్లకి కడవలో నీళ్ళు సాలు అన్నాడు మా నాయన." ఒడుగత్తూరు పక్క ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. కానీ గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తున్న ఎనిమిదేళ్ళ పిల్ల నాకు స్పష్టంగా కనిపించింది. అంతవరకూ అవ్వ అవ్వగానే పుట్టిందనుకునేదాన్ని. చాలా బాధేసింది.

ఆఖరి పేజీ చదివి పుస్తకం మూసి, "ఇంక తీసుకుపోదునా అవ్వా?" అన్నాను.

"కత అయ్యింది. చెప్పినట్టు చెయ్యొద్దా?"

పెదనాయన లేచి నిలబడ్డాడు. "అమ్మా, నీకేమన్నా తిక్కా? డెబ్బై ఏండ్లు నీకు!"

"వయసు ఇంతుండాలని దాంట్లో రాసుండాదా? సూసి చెప్పు మే."

వెతికాను. రాసి లేదు. అబద్ధం చెప్పవచ్చు, అప్పటిదాకా చెప్పినవన్నీ అవే. కానీ అక్షరాలు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. "లేదవ్వా" అన్నాను.

ఆ ఏడు వానలు బాగా పడి మా చేని బావిలో పైనుంచి నాలుగో మెట్టుదాకా నీళ్ళున్నాయి. అవ్వ నడుముకి మోకు కట్టి, రెండో కొస వేపచెట్టుకి చుట్టి పెదనాయన పట్టుకున్నాడు. చెరో పక్కా పెద్దమ్మా వదినా నడుములోతు నీళ్ళలో దిగి చేతులు చాచారు. నేను పైమెట్టు మీద పుస్తకం తెరిచి నిలబడ్డాను. చదివేది నేనే, నా చదువేమో అక్షరానికొక ఊపిరి. "త... ల... ను... వె... ను... క... కు..." అంటున్నాను. అవ్వ తల సగం వెనక్కి వాల్చి ఆగిపోయింది.

"తొందరగా సదువు మే! ముక్కులో నీళ్ళు పోతా ఉండాయి!"

"వా... ల్చి... భ... యము... వి... డు..."

"భయం ఇడిసి శానా సేపయింది, తర్వాతిది సెప్పు!"

తర్వాతిది చదివే అవసరం రాలేదు. అవ్వ కాళ్ళు పైకి లేచాయి. నెరిసిన జుట్టు విప్పుకుని నీళ్ళ మీద పరుచుకుంది. వదిన మెల్లగా చెయ్యి తీసింది, పెద్దమ్మ తీసింది. మా అవ్వ బావినీళ్ళ మీద, ఆకాశం వైపు చూస్తూ, ఎవరి చెయ్యీ లేకుండా పడుకుని ఉంది. ఎక్కడో లత్తేరి స్టేషన్లో రైలు కూత వినబడింది. నాలుగు ఊపిరులో, అయిదో అలా తేలింది. నేను ఒళ్ళు మరిచి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాను.

రెండు చేతులూ అంటున్నాను గమనించండి. పుస్తకం తిన్నగా బావిలో పడింది. అదీ అవ్వ పక్కనే వెల్లకిలా కాసేపు తేలింది. అవ్వ కళ్ళు తిప్పి దాన్ని చూసి, నవ్వబోయి, నీళ్ళు మింగింది. పెదనాయన మోకు లాగి అవ్వనీ, బుట్ట వేసి పుస్తకాన్నీ పైకి తీశాడు.

రెండు రోజులు ఎండలో పెట్టి, కమిటీ కూర్చోబోయే ముందురోజు దాన్ని కళ్ళజోడాయన బల్లమీద పెట్టాను. ఒక పుస్తకం మూడు పుస్తకాలంత లావై, అట్టమీద పసుపూ కుంకుమా కలిసి నారింజరంగు తిరిగి ఉంది. "ఎన్నమ్మా ఇదు?" అన్నాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీశాడు (నేనదే మొదటిసారి చూడటం, కళ్ళు చాలా చిన్నవి). కడుపు పట్టుకుని నవ్వి, రిజిస్టరులో 'వచ్చింది' అని రాశాడు. మర్నాడు కమిటీలో ఈ కథంతా ఆయనే చెప్పాడట. బీరువా మిగిలింది.

కుర్చీ మాత్రం నాకు మిగల్లేదు. పెదనాయన సంతకి వచ్చినప్పుడల్లా పైకొచ్చి, తన 'సేద్యం' పుస్తకం చదివించుకునేవాడు. అది ప్రేమ నవల. ఆయన నా కుర్చీలో కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకుంటుంటే నేను నిలబడి చదివేదాన్ని. వెనకే మరో ఇద్దరు ముగ్గురు చేరారు. తర్వాత ఆ పని వదిన తీసుకుంది. ఆమె ఇప్పుడు ఏ బస్సైనా ఎక్కుతుంది, రెండు లిపుల్లో పోట్లాడుతుంది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. నేను వేలూరులో ఉద్యోగం, ఇల్లు, పిల్లల మధ్య పడ్డాను. ఈత నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు, తేలడం మాత్రం వచ్చు. జీవితంలో మునిగిపోతున్నాననిపించిన రోజుల్లో తలను వెనుకకు వాల్చి, భయము విడు, అని అక్షరం అక్షరం చదువుకుంటాను. పెద్ద పుస్తకాలు చాలా చదివాను, అవేవీ నన్నింతగా మొయ్యలేదు.

పోయిన నెల గుడియాత్తం వెళ్ళినప్పుడు ఆ మేడ ఎక్కాను. ఉబ్బిన తామరపువ్వు అడ్డంపడి తెలుగు బీరువా తలుపు ఇప్పటికీ పూర్తిగా మూతపడదు. ఒక్కసారి దాన్ని చేత్తో పట్టుకోవాలనిపించింది. కానీ ఒక కాలేజీ అమ్మాయి చెయ్యిలేని ఆ కుర్చీని బీరువా తలుపుకి ఆనించుకుని, ఒళ్ళో పుస్తకంతో కిటికీవైపు తిరిగి కూర్చుని ఉంది. జరగమంటే తప్ప తలుపు తెరుచుకోదు. "అమ్మా" అని పిలవబోయాను. నా పాత కొలత గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను.